ఇల్లనే మాటకు ముత్తాత

బతికున్న మాటలంత దండగ ఇంకొకటి లేదు. మాటంటే చచ్చిపోయి ఉండాలి. అసలు ఎవరైనా పలికారన్న రుజువే ఉండకూడదు!

నమ్మరా? 'హూసఁ' వైభవం చూడండి. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి, ఐస్‌లాండ్ భాషల్లో ఇల్లనే మాటలన్నీ దాని సంతానమే. జర్మనీ ఉత్తర తీరాన మా ఫోర్ దీవిలో ఫ్రీజియన్లం పలికే 'హ్యూస్' కూడా. ఆ హూసఁ మాత్రం ఏ రాతలోనూ దొరకలేదు. మనవళ్ల ముఖాలు చూసి పండితులు ముత్తాత బొమ్మ గీసుకున్నారు. ఆయన్ని కన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. అయినా మర్యాదకేం లోటు? యూనివర్సిటీలో ఆయనకో వెచ్చటి గది, ఏటా ఒక సదస్సు, సదస్సులో కేకూ టీ!

బతికున్నవాళ్లతోనే తంటా. వాళ్లకి నెత్తిన కప్పు కావాలి. మా ఓడరేవులో టికెట్లిచ్చే కెర్రిన్‌నే తీసుకోండి. పిల్లలతో ఇప్పటికీ మా భాషే మాట్లాడుతుంది. ఆమె అద్దెకుంటున్న రెల్లుకప్పు ఇంటిని యజమాని టూరిస్టుల విడిదిగా మార్చి, దానికో ముచ్చటైన ఫ్రీజియన్ పేరు పెట్టాడు. చలికాలమంతా దీపం వెలగని ఇళ్లు దీవి నిండా ఉన్నాయి. ఆమెకు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

మొన్న ఆమె సామాన్లు కడుతుండగా ప్రొఫెసర్ టిల్మన్‌గారు రికార్డర్ పట్టుకుని వచ్చారు. ఇల్లనే మాటను కెర్రిన్ చేత, పిల్లల చేత పలికించుకుని మురిసిపోయారు.

"అద్భుతం అమ్మా! పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వచ్చి రికార్డు చేసుకుంటాను. ఇక్కడే ఉంటారుగా?"

"ఎక్కడుంటాం సారూ? శనివారం ఓడెక్కి అవతలి ఒడ్డుకి పోతున్నాం."

"అయ్యయ్యో, అక్కడ పిల్లలు పూర్తిగా జర్మన్‌లో పడిపోతారే! నా వ్యాసం ఏంగాను?" ఆయన నిజంగానే బాధపడ్డారు. "వేసవంతా ఇక్కడే కూర్చుని రాద్దామని ఈ ఇల్లే బుక్ చేసుకున్నాను కూడా."

కెర్రిన్ అట్టపెట్టె పక్కకి జరిపి ఆయన కూర్చోవడానికి చోటిచ్చింది.

"ఎలా పలకాలో నేను చెప్పాను కదండీ. ఎక్కడుండి పలకాలో మీరు చెప్పండి."

ఆయన రికార్డర్ ఆపేశారు. "అది మా శాఖ కాదమ్మా," అన్నారు.

ఆయన్ని తప్పు పట్టకండి. నేను మా పురపాలక కార్యాలయంలోనూ అడిగి చూశాను. అది వాళ్ల శాఖ కూడా కాదట.