అరుగు మీది నల్లటేపు డబ్బా

"దేముడూ, రాసి పెట్టుకో. ఈ ఖరగ్‌పూర్‌లో నేరం చేసినవాడు పారిపోగలిగినవి రెండే చోట్లు. ఒకటి హౌరా, రెండోది నరకం. ఆ రెండు దారుల్లోనూ డిటెక్టివ్ జగ్గారావు కాపు కాసి ఉంటాడు!"

ఈ భీకర ప్రకటన చేసిన మహానుభావుడు వర్క్‌షాపు టైమాఫీసులో గుమస్తా. చేసిన చోటు ట్రాఫిక్ కాలనీలో సొంత క్వార్టరు గుమ్మం. చేసిన వేళ ఆదివారం పొద్దున్న, ఒంటిమీద చిల్లుల బనీను, నోట్లో పళ్ళపుల్ల. వినడానికి ఎదురుగా చిన్ననాటి స్నేహితుడు దేముడు ఒక్కడే ఉన్నాడు. జగ్గారావు మేధస్సు బరువంతా పాతికేళ్ళుగా మోస్తున్నది ఆ ఒక్క ప్రాణే, పాపం.

"రాసుకోడానికి రానేదురా బాబూ, ఏడవడానికి వచ్చినాను," అన్నాడు దేముడు. "డబ్బా పోనాది."

"డబ్బాలో శవమా?"

"శవమేటిరా! ఫిలిము! సూసన్న మావ ఫిలిము!"

జగ్గారావు పళ్ళపుల్ల తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. "ఊహించాను. ఇది అంతర్జాతీయ ముఠా పని."

దేముడి ఏడుపులో న్యాయముంది. ఆ కాలనీలో లోకో పిక్చర్స్ అని ఒక సినిమా కంపెనీ ఉంది. ఫిట్టరు గోవిందరావే దానికి ప్రొడ్యూసరు, డైరెక్టరు, కథ, మాటలు కూడాను. ఆయన క్వార్టరు అరుగే ఆఫీసు. షూటింగు ఆదివారాలే. మిగతా రోజుల్లో సైరను మోగేసరికి హీరో, విలను, మంత్రగాడు అందరూ వర్క్‌షాపు గేటులో ఉండాలి కదా! శనివారం నైట్‌డ్యూటీ చేసి వచ్చిన హీరో ప్రేమ సీన్లలో ఆవలించేవాడు. అలా రెండేళ్ళు లాగి, సినిమాని ఆఖరి సీను దాకా తెచ్చారు. దేముడు అందులో ప్రొడక్షన్ మేనేజరు. అంటే మూటలు మోసేవాడన్నమాట.

ఆ ఆఖరి సీను మటుకు నటన కాదు. ఇంజను డ్రైవరు సూసన్న నిన్న శనివారం రిటైరయ్యాడు. పూలదండలు వేసిన ఇంజనుతో ఆయన చేసిన చివరి ప్రయాణాన్ని, పక్కన గట్టు మీద నిలబడి ఉన్నదున్నట్టు కెమెరాలోకి ఎక్కించారు. ఒక్కటే షాటు. ఆ ఇంజను నిన్న సాయంత్రమే తుక్కు కింద విరగ్గొట్టడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ తీయాలంటే ఇంజనూ లేదు, డ్రైవరూ లేడు. ఆ ఫిలిము డబ్బాని మూడు గంటల మద్రాసు బండిలో కడగడానికి పంపాలి. రాత్రంతా దాన్ని కౌగిలించుకుని పడుకున్న దేముడు, పొద్దున్నే తెచ్చి గోవిందరావు అరుగు మీద పెట్టి, టీ తాగడానికి లోపలికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీ.

గోల్‌బజార్ వాచీల మరమ్మతువాడి దగ్గర తెచ్చిన భూతద్దం కంటికి అతికించుకుని జగ్గారావు అరుగు చుట్టూ పాకాడు. తెల్లటి పొడి ఒకటి వేలికి అంటింది. నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, గంభీరంగా అన్నాడు.

"పాషాణం. తూర్పుదేశపు పాషాణం!"

"ముగ్గు, అన్నియ్యా," అంది గోవిందరావు భార్య గంగాభవాని. "ఇందాకే కుక్క తొక్కీసి ఎల్లింది. నోరు కడుక్కోండి."

జగ్గారావు ఉమ్మి వేశాడు గాని, ధైర్యం మాత్రం ఉమ్మెయ్యలేదు. అదే క్షణంలో పెరట్లో అనుమానాస్పద దృశ్యం కనిపించింది. కలకత్తా నుంచి కెమెరాతో వచ్చిన నిమాయ్ దాదా ఒక నల్లసంచిలో రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి, ఆకాశం వంక చూస్తూ, లోపల దేన్నో పిసుకుతున్నాడు.

"దొరికాడు నరరూప రాక్షసుడు! సంచిలో సాక్ష్యం గొంతు నులుముతున్నాడు!"

"ఒరే, ఆగరా, అదీ..." అని దేముడు అనే లోపలే జగ్గారావు లంఘించి సంచి లాగేశాడు.

"ఆరే మొశాయ్! కీ కొర్ఛేన్!" ఏం చేస్తున్నావయ్యా అని నిమాయ్ దాదా బెంగాలీలో పెట్టిన కేకకి కాకులు లేచాయి. వెలుతురు తగిలితే ఫిలిము చచ్చిపోతుంది. అందుకే కెమెరాలో ఎక్కించేదీ దింపేదీ ఆ నల్లసంచిలోనే. కంపెనీకి మిగిలిన ఒకే ఒక్క వాడని ఫిలిము ముక్క ఇప్పుడు పెరట్లో ఎండలో పాములా పడుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు! గోవిందరావు తల పట్టుకుని చిక్కుడు పాదు కింద కూలబడ్డాడు.

"జగ్గా, నీకు దండం ఎడతాను. నువ్వు ఇంటికెల్లి పడుకో," అన్నాడు.

"నేరస్థుడు కోరుకునేదీ అదే," అన్నాడు జగ్గారావు. "ఈ ఊళ్ళోంచి ఎవడు పారిపోయినా రైలెక్కే పారిపోవాలి. పదండి స్టేషనుకి!"

వేరే దారి తోచక అందరూ వెళ్ళారు. గోవిందరావు చేతిలో, డబ్బా లేని పార్సిలు ఫారం. జగ్గారావు మొహానికి, కంపెనీ పెట్టెలోంచి తీసిన సన్యాసి గెడ్డం.

ప్లాట్‌ఫారం బెంచీ మీద సూసన్న కూర్చుని ఉన్నాడు. రిటైరై ఒక్కరోజు కాలేదు, బండి వేళకి ఇంట్లో కాళ్ళు నిలవలేదు కాబోలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్ళ మధ్య గొడుగు పెట్టుకుని పట్టాల వంక చూస్తున్నాడు.

"ఏరా దేముడూ, నా ఫిలిము ఇయాలే కదా ఎల్లడం?"

"ఇయాలే మావా," అన్నాడు దేముడు. అన్నాక ఆ పెద్దాయన మొహం చూడలేక పక్కకి తిరిగిపోయాడు. దొంగ ఎవడైనా ఫరవాలేదు, తననే జైల్లో పెట్టినా ఫరవాలేదు, ఆ డబ్బా దొరికితే చాలు దేవుడా అనుకున్నాడు.

మద్రాసు బండి వచ్చి ఆగింది. జగ్గారావు గెడ్డం సవరించుకుని, చూసినవాడెవడూ పోల్చుకోలేడన్న నమ్మకంతో పెట్టె పెట్టెకీ తొంగి చూస్తూ నడిచాడు.

"ఒరే జగ్గా! ఆ గెడ్డమేటిరా, మొక్కుబడా? ఇలా రా, ఈ మూట అందుకో!"

కిటికీలోంచి పిలిచింది పక్క క్వార్టరు దాలమ్మ. చెల్లెలి కూతురి పెళ్ళికి రైల్వే పాస్ మీద విజయనగరం వెళుతోంది. అంత సామాను మధ్య ఆవిడకి కూర్చునే చోటు లేదు. జగ్గారావు మూటకి చేయి వేశాడు, ముడి ఊడింది, లోపలున్న డబ్బాలన్నీ దొర్లుకుంటూ ప్లాట్‌ఫారం మీద పడ్డాయి. బిస్కట్ల డబ్బాలు, పాలపొడి డబ్బాలు, వాటి మధ్య నల్లటేపు చుట్టిన గుండ్రటి రేకు డబ్బా!

"అదే!" అని అరిచాడు దేముడు. అరిచి, నోరు అలాగే తెరిచి ఉండిపోయాడు. దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది.

"నువ్వా దాలమ్మత్తా తీసినావు?"

"తీయడమేటిరా? అరుగు మీద రెండు డబ్బాలున్నాయి, రెండూ తెచ్చినాను. ఊరెల్లినోల్లు అందరి డబ్బాలూ మొయ్యడం మన ట్రాఫిక్‌లో కొత్తేటి?"

నిజమే మరి. ఆ కాలనీలో ఎవరు పాస్ మీద ఊరెళ్ళినా వీధంతా అరుగుల మీద డబ్బాలు పెట్టేస్తుంది. వెళ్ళేవాళ్ళు అడగరు, ఏరుకుని పోతారు. గంగాభవాని తన పుట్టింటికి ఖర్జూరబెల్లం పంపుదామని, కంపెనీలో ఖాళీ అయిన ఫిలిము డబ్బాలో పెట్టి, వర్క్‌షాపు నల్లటేపే చుట్టి అరుగు మీద ఉంచింది. టీ ధ్యాసలో ఉన్న దేముడు చూసుకోకుండా తన డబ్బాని సరిగ్గా దాని పక్కనే పెట్టాడు.

ఇప్పుడు ఏది బెల్లం, ఏది సూసన్న? విప్పి చూస్తే తెలుస్తుంది. విప్పి చూస్తే చస్తుంది.

"రెండూ మద్రాసు పంపీద్దాం అన్నా!" అన్నాడు దేముడు.

"ఓలమ్మో! గంగాభవాని తల్లికి నేనేటి సెప్పను? దాలమ్మ బెల్లం తినీసిందనరా?" అని దాలమ్మ కిటికీలోంచి సగం బయటికొచ్చింది. అత్తగారి పేరు వినేసరికి గోవిందరావు కూడా ఒక్క క్షణం తటపటాయించాడు. గార్డు పచ్చజెండా చేతిలోకి తీసుకున్నాడు.

వీళ్ళిలా తగువులాడుతుంటే జగ్గారావు రెండు డబ్బాలూ చేజిక్కించుకున్నాడు. ఒకదాన్ని ఊపాడు, వాసన చూశాడు, బొటనవేలితో టింగుమని కొట్టాడు. దాన్ని చంకలో పెట్టుకుని, రెండోదాన్ని పట్టుకున్నాడు.

"తార్కికంగా ఆలోచిస్తే ఫిలిము నా చంకలో ఉన్నది. ఇది బెల్లం. నిరూపిస్తాను చూడండి!" అంటూ పళ్ళతో టేపు లాగాడు. టేపు సర్రున ఊడింది. మూత అంచు మీద బొటనవేళ్ళు పెట్టాడు.

"ఒద్దురా!" అని గోవిందరావు, దేముడు ఒక్కసారే దూకారు. మూత వెంట్రుకవాసి లేచింది.

"ఓలమ్మో! ఓర్నాయనో! సచ్చినాన్రా!"

డిటెక్టివ్ జగ్గారావు గ్రాంథికం ఎగిరిపోయింది, గెడ్డం ఊడిపోయింది, చేతులు రెండూ గాల్లోకి లేచాయి. చంకలోని డబ్బాకి పట్టిన ఎర్రచీమలు బనీను చిల్లుల్లోంచి లోపలికి దిగి పని మొదలుపెట్టాయి. చేతిలో డబ్బా పైకి ఎగిరింది. దేముడు దాన్ని పసిపిల్లని అందుకున్నట్టు అందుకుని, మూత అదిమిపెట్టి, తన చొక్కా విప్పి చుట్టేశాడు. చంకలో డబ్బా నేల మీద పడి బద్దలైంది. ప్లాట్‌ఫారమంతా ఖర్జూరబెల్లం!

బెల్లం ముక్కలు ఏరి దాలమ్మ కొంగులో పోశారు. చొక్కాతో సహా డబ్బాని గార్డుపెట్టెలోకి ఎక్కించారు. బండి కదిలింది. జగ్గారావు వీపు గోక్కుంటూనే ప్రకటించాడు. "చీమల పరీక్ష. నేను ముందే అనుకున్నాను."

మద్రాసు నుంచి ఫిలిము రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా దేముడికి అన్నం సయించలేదు. మూత లేచినంత సేపు ఎంత వెలుతురు దూరిందో ఎవరికి తెలుసు?

ఒక ఆదివారం సాయంత్రం గోవిందరావు పెరట్లో దుప్పటి కట్టి మిషను తిప్పారు. దుప్పటి తెల్లగా మెరిసింది. ఇంకా తెల్లగానే ఉంది. దేముడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి, ఆ తెలుపులోంచి పొగ, పొగలోంచి దండలు, దండల వెనక ఇంజను భారంగా ముందుకు వచ్చేస్తోంది. కిటికీలోంచి ఒంగి సూసన్న చెయ్యి ఊపుతున్నాడు.

పెరడంతా చప్పట్లు. అదను చూసి జగ్గారావు కుర్చీ ఎక్కాడు. "సోదర సోదరీమణులారా! ఈ ఫిలిమును అంతర్జాతీయ ముఠా కోరల్లోంచి నేను ఎలా..."

ముందు వరసలో సూసన్న వెనక్కి తిరగలేదు. దుప్పటి మీంచి చూపు తీయకుండానే చెయ్యి ఎత్తాడు.

"దిగి కూర్సో బాబూ. ముప్పైనాలుగేళ్ళు తోలినాను. బయట నిలబడి సూస్తే నా బండి ఎలాగుంటాదో ఇయాలే సూస్తన్నాను. ఎల్లిపోతంది."

జగ్గారావు దిగి కూర్చున్నాడు.