వాడని దూడ వివరాలు

ఒక నాగరికత ఎంత ఎదిగిందో తేల్చాలంటే, లేని వస్తువు గురించి అది ఎన్ని ప్రశ్నలు అడగగలదో చూడాలని నా నిశ్చితాభిప్రాయం. ఆ లెక్కన మా చెల్లెలు పనిచేసే పరిశోధనశాలకి ప్రపంచంలో సాటి లేదు.

చెల్లెలు చిన్న చిన్న మూతపళ్ళేల్లో చర్మకణాలు పెంచుతుంది. వాటి మేతలో సీరం కలపడం ఆనవాయితీ. సీరమంటే, ఇంకా తల్లి కడుపులోనే ఉన్న దూడ రక్తంలోంచి తీసిన తేట. అది వాడ్డానికి మనసొప్పక తను మొక్కల సరుకుతో వేరే మేత కనిపెట్టింది. చంటిపిల్లకి పాలు మాన్పించినట్టు సీరం కొంచెం కొంచెం తగ్గిస్తూ, కణాలకి కొత్త మేత అలవాటు చేసేసరికి ఏడు నెలలు పట్టింది. (ఆ ఏడు నెలలూ ఇంట్లో మేం తిన్నామో లేదో అడిగిన పాపాన పోలేదు.)

ఇప్పుడు ఆ మేత శుక్రవారంతో అయిపోతుంది. మళ్ళీ సరుకు తెప్పించాలంటే ‘జంతురహిత పదార్థాల అనుమతుల ఉపసంఘం’ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కణాలు చస్తాయి. సీరం పోసి బతికిస్తే ఏడు నెలల పనీ నీళ్ళపాలు.

దరఖాస్తు కంప్యూటర్లో ఉంది. మొదటి గడి ‘వాడని జంతువు’. దూడ అని కొట్టింది. వెంటనే ఇంకో ఇరవై రెండు గడులు తెరుచుకున్నాయి. వాడని దూడ వయసు. రంగు. తల్లి ఆరోగ్యం. వాడని దూడను ప్రస్తుతం ఎక్కడ ఉంచారు? ఎర్ర చుక్క ఉన్న గడిని ఖాళీగా వదలకూడదు. (అన్నిటికీ ఎర్ర చుక్క ఉంది.)

సోమవారం ఉపసంఘం గుమస్తాగారి దగ్గరికి వెళ్ళాం. ఆఫీసుల్లో పని జరిపించడం నాకు చేతనవునన్న భ్రమతో నేనూ తోడెళ్ళాను.

“అసలు దూడే లేదండీ,” అంది చెల్లెలు.

“తెలుసమ్మా. ఆ లేని దూడ ఏ రంగు?”

“తెలుపు వేసుకోండి,” అన్నాను నేను, పని తెమలాలని.

నోరు జారాను. ఆ ఒక్క మాటతో దూడ పుట్టింది. రంగు గల జంతువుకు పశువైద్యుడి ధ్రువపత్రం తప్పనిసరి అని తెర మీద పడింది.

బుధవారం పశువైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన మా వెనకాల గుమ్మం వైపు తొంగిచూశాడు. “దూడేదీ?”

“లేదండీ.”

“తెల్లదని రాశారుగా?”

“అది మా అన్నయ్య రాయించాడండీ.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “చూడకుండా ఆరోగ్యంగా ఉందని ఎలా రాయనమ్మా? పోనీ, కనబడుట లేదని రాస్తాను.” రాశాడు. నిజాయితీపరుడు.

గురువారం ఉపసంఘం అన్వేషణ బృందాన్ని నియమించింది. గడువు ముప్పై రోజులు. బృందానికి నాయకురాలు మా చెల్లెలే. (ఆ దూడ గురించి తనకంటే తెలిసినవాళ్ళెవరు?)

శుక్రవారం పొద్దున తను కణాల పళ్ళేలుంచిన ఇంక్యుబేటర్ ముందు స్టూలు మీద కూలబడింది. “చంపుకోలేనన్నయ్యా,” అంది. నా నోటి మీద నాకే ఒళ్ళు మండింది.

అప్పుడు గుమస్తాగారు ఫోన్ చేశారు. మనిషి మంచివాడు, పాపం, రాత్రంతా ఆలోచించాడట. “అమ్మా, అట్టడుగున ‘పాత పద్ధతి’ అని ఓ గడి ఉంది. అది నొక్కితే మిగతావన్నీ పోతాయి.”

చాలాసేపు చూసి, నొక్కింది. అన్నీ పోయాయి. ఐదు నిమిషాల్లో స్టోరు మనిషి ఫ్రీజర్లోంచి సీరం సీసా తీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంతకం కూడా అడగలేదు.

చెల్లెలు సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది ఏ దూడదండీ?”

“ఆ వివరాలు వాడని దూడలకే మేడం,” అన్నాడతను.