మొప్పలు ఎత్తరాదు

మానవజాతి చేపను కనిపెట్టి యుగాలైంది గాని, నోరులేని చేప తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలని కనిపెట్టింది మాత్రం మొన్నీమధ్యే, నెల్లూరులో. ఆ మహత్కార్యానికి ‘తీరప్రాంత నమ్మకాల అభివృద్ధి సంస్థ’ వెలిసింది. దాని మొదటి లబ్ధిదారు మైపాడులో చేపలమ్మే ఆదిశేషమ్మ.

అంతవరకూ ఆమె వ్యాపారం ఒక్క మాట మీద నడిచేది. చేప మెత్తబడితే "ఈ పొద్దు వద్దు, పో" అని మొహమ్మీదే చెప్పేది. ఆ ‘వద్దు’ మీది నమ్మకంతోనే జనం నెల్లూరు నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్లు. వచ్చి, ఆనవాయితీ తప్పకుండా మొప్ప ఎత్తి ఎరుపు చూసుకుని కొనేవాళ్లు.

సంస్థ సలహాదారు నరేంద్రబాబు ఇది విని తల పట్టుకున్నాడు.

"వద్దంటే ఎట్టక్కా? అమ్మేవాళ్లు అనాల్సిన మాటేనా అది?"

"చెడిపోయింది అంటగట్టి రేపు వాళ్ల మొహం ఎట్ట చూసేది నాయనా?"

"రేపు కొత్త మొహాలొస్తాయక్కా. పక్క గంప గంగాభవాని కూడా మా ప్రచారానికి ఒప్పుకునింది."

దాంతో ఆదిశేషమ్మా ఒప్పుకుంది. (గంగాభవానికి ఆదిశేషమ్మ ఒప్పుకుందని చెప్పారు.)

ప్రచారం మొదలైంది. తెల్లకోటు మనిషి ఒకాయన వంజరం పట్టుకుని ఫోన్లలో నవ్వాడు. (ఆయన వృత్తి చెప్పలేదు గనుక అబద్ధం లేదు. టెంట్ హౌసు నడుపుతాడు.) ‘వేరేచోట చేప తిన్న పిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారా?’ అని ఓ తల్లి దిగులుగా అడిగింది. (ప్రశ్న అడగడం నేరం కాదు.) గంపలో సగం చేపలను గోనెపట్టా కింద దాచి ‘ఇంక కొన్నే మిగిలాయి’ అని బోర్డు పెట్టారు. పక్కన ఇంకో బోర్డు: ‘మొప్పలు ఎత్తరాదు. నమ్మకమే తాజాదనం.’

జనం విరగబడ్డారు. ఆదిశేషమ్మకు సంతోషంగానే ఉండింది, అబద్ధమెందుకు.

అంతలో వాయుగుండం పట్టింది. పడవలు కదల్లేదు, ఐసు కరిగింది, గంపలో వంజరాలు మెత్తబడ్డాయి. ఆదివారం చర్చి అయ్యాక ఎప్పటిలాగే నెల్లూరు నుంచి రెబెక్కమ్మ వచ్చింది. మనవరాలు అబిగయీలు పుట్టినరోజట.

"ఈ పొద్దు వద్దు రెబెక్కమ్మా. పాత చేపలు," అంది ఆదిశేషమ్మ.

రెబెక్కమ్మ నవ్వింది. "ఇది కొత్త యాడ్ గదా? బాగుండాది."

"యాడ్ కాదు తల్లీ, నిజంగానే. ఇదో, చూడు." ఆదిశేషమ్మ తనే మొప్ప ఎత్తింది. గోధుమరంగు, పైగా జిగురు.

రెబెక్కమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "ఎత్తకూడదని నువ్వే రాసుండావు గదా."

ఆదిశేషమ్మ గంప మీద పట్టా కప్పేసింది. అయిపోతున్నాయనుకుని వెనకున్న జనం తోసుకొచ్చారు. ఆమె వద్దు వద్దంటుంటే డబ్బులు ఒళ్లో పడేసి, చేపలు వాళ్లే తీసుకుపోయారు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన మాట ఇప్పుడెవరికీ వినబడలేదని ఆమెకు ఏడుపొచ్చింది.

"పైసా ఖర్చు లేని ప్రచారమక్కా!" అని నరేంద్రబాబు పొంగిపోయాడు. ఇకమీదట తీరంలో చేపలమ్మేవాళ్లందరూ విధిగా ‘వద్దు’ అనాలని సాయంత్రానికే సంస్థ ఉత్తర్వు వేసింది.

గంపలో మిగిలిన తోకముక్కను ఒక పిల్లి వాసన చూసి, ముట్టకుండా పోయింది. దానికింకా ఫోను లేదు.