ఆల్డర్ వీధికి ఇంకో లారీ

రస్సెల్ కోస్కి ఆ పొద్దున వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పెందలాడే ఆఫీసుకి చేరాలి, కంప్యూటరు పట్టికల్లో వెతికి జాబితా తీసే క్వెరీ ఒకటి కొత్తగా రాశాడు, అది నడపాలి, మధ్యాహ్నం డైరెక్టరు థోర్సన్ మేడమ్ వచ్చి చూసి, మెచ్చుకుని, అతని ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టాలి. పైన్‌బరో పట్టణం రోడ్ల శాఖలో అతనిది తాత్కాలికపు కొలువు. గడువు ఆ రోజుతో సరి. ఇంట్లో భార్య బెత్‌కి ఐదో నెల. ఉద్యోగం ఖాయమైతేనే ఆరోగ్య బీమా. రాత్రంతా మోకాళ్ళ లోతు మంచు కురిసిందని ఊరంతా తిట్టుకుంటుంటే రస్సెల్ మాత్రం లోలోపల సంబరపడ్డాడు. పనితనం చూపించుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరుకుతుందా!

ఏ వీధి నుంచి ఫిర్యాదులు ఎక్కువొస్తే ఆ వీధికి ముందుగా మంచు తోసే లారీ వెళ్ళాలి. అదీ ఆ శాఖ పద్ధతి. జనం ఒక నంబరుకి ఫోన్ చేసి, వీధి పేరు చెప్పి, తమ గోడు యంత్రానికి వెళ్ళబోసుకుంటారు. యంత్రం వీధి పేరు రాసుకుంటుంది; గోడు ఎవరూ వినరు. పాత క్వెరీ ఒక్కో వీధి కోసం ఫిర్యాదుల పట్టిక మొత్తం మొదట్నించి చివరిదాకా వెతికేది, అక్కడికి లారీ ఎన్నిసార్లు వెళ్ళిందో చూడడానికి మళ్ళీ లారీల రాకపోకల పట్టిక మొత్తం వెతికేది. జాబితా వచ్చేసరికి ముప్పావు గంట. అందుకే దాన్ని రోజుకి ఒక్కసారే నడిపేవారు. రస్సెల్ ఆ పట్టికలన్నిటినీ ఒక్క దెబ్బకి జోడించి, వీధి వారీగా గుంపులు కట్టి లెక్కపెట్టేలా మార్చేశాడు. ఇప్పుడు రెప్పపాటులో జాబితా తెర మీద ఉంటోంది. పది నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా కూడా పెట్టేశాడు.

"నీ దుంపతెగ! నేను కాఫీ కలుపుకునే తీరిక కూడా లేకుండా చేశావు కదయ్యా!" అంది మార్లిస్. లారీలను రేడియోలో అటూ ఇటూ పంపించేది ఆవిడే.

జాబితాలో మొట్టమొదట ఆల్డర్ వీధి ఉంది.

"ఆల్డరా? అదో గొంది. ఉన్నవే నాలుగిళ్ళు. అవతల రోడ్డు కూడా లేదు."

"జనం ఫోన్లు చేస్తుంటే మనమేం చేస్తాం? పంపించు" అన్నాడు రస్సెల్.

పంపించింది. పది నిమిషాలు గడిచాయి. ఆల్డర్ కిందకి జారలేదు సరికదా, ఫిర్యాదులు ఇంకా పెరిగాయి. ఇంకో లారీ వెళ్ళింది. మళ్ళీ పెరిగాయి. ఆ తర్వాత పది నిమిషాలకోసారి రెండేసి లారీలు వెళ్ళాయి. అంకె మూడింతలైంది. రస్సెల్‌కి కుర్చీలో కుదురు లేదు. లేస్తాడు, కూర్చుంటాడు, కిటికీలోంచి మేడమ్ కారు వస్తోందా అని చూస్తాడు, మళ్ళీ తెర ముందు వాలతాడు.

"ఆ వీధిలో కుక్కలు కూడా ఫోన్లు చేస్తున్నాయా ఏమిటి?" అంది మార్లిస్.

"లారీలు సరిగా తోయడం లేదేమో. గార్డీని కాస్త గట్టిగా తోయమను!"

గార్డీ పాతికేళ్ళుగా లారీ నడుపుతున్నవాడు. ఆ మాట చెప్పగానే రేడియో పగిలిపోయేలా అరిచాడు. "గట్టిగానా? రోడ్డు మీద తారు తేలింది తల్లీ! ఇంక తోయడానికి మంచేదీ? అంతా ఇళ్ళ ముందు గట్టు కట్టింది. ఒక్కళ్ళ కారూ బయటికి రాలేదు. ఇంకోటి చెప్పనా? ఇక్కడ ఎవరో ఆవిడ, రాత్రి గౌను మీద కోటు తొడుక్కుని, మంచు ముద్దలు చేసి నా అద్దం మీదకి విసురుతోంది."

"ఏమంటోంది?"

"అద్దాలెత్తి ఉన్నాయి, వినపడి చావడంలేదు. గురి మాత్రం బాగుంది. మనిషి చూడబోతే మన థోర్సన్ మేడమ్‌లా... ఓరి దేవుడో! మేడమే!"

మార్లిస్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "కిందటి నెల ఇల్లు మారానంది. ఆల్డర్ వీధికా మారింది!"

రస్సెల్ తెర ముందుకి దూకాడు. ఫిర్యాదుల పట్టిక ఒక్కదాన్నే తెరిచి చూశాడు. ఆల్డర్ నుంచి వచ్చిన ఫోన్లు అచ్చంగా ఏడు. లారీలు ఆ గొందిలోకి వెళ్ళింది ఇరవై సార్లు. అందులో సగం రాత్రి గార్డీ బండి వెనక్కి తిప్పుకోవడానికి వెళ్ళినవే. రెండు పట్టికల్నీ ఒకేసారి జోడించేసరికి ప్రతి ఫోనూ ప్రతి రాకతోనూ జతకట్టి, ఏడు కాస్తా నూట నలభై అయి కూర్చుంది. లారీ వెళ్ళినకొద్దీ అంకె పెరిగింది, అంకె పెరిగినకొద్దీ లారీ వెళ్ళింది. అంత తొందరగా నడిచే క్వెరీ కాకపోతే ఇంత ఘోరం జరిగేదే కాదు.

గబగబా సరిచేశాడు. ముందు ఫిర్యాదుల్ని విడిగా, రాకపోకల్ని విడిగా వీధి వారీగా గుంపులు కట్టి, ఆ తర్వాతే జోడించాడు. జాబితా ఈసారీ రెప్పపాటులోనే వచ్చింది. ఆస్పత్రి రోడ్డు మొదటికి వచ్చింది. ఆల్డర్ అట్టడుగుకి పోయింది.

"లారీలన్నిటినీ ఆస్పత్రి రోడ్డుకి తిప్పు" అన్నాడు.

"ఒక్కదాన్ని అక్కడే ఉంచుదామయ్యా. మేడమ్ ఇంటి ముందు తవ్వేస్తే చాలు, సంతకం పడుతుంది. బెత్ సంగతి ఆలోచించవా?"

రస్సెల్ ఆలోచించాడు. "ఆస్పత్రికి వెళ్ళే వాళ్ళ ఇళ్ళల్లోనూ బెత్‌లుంటారు" అని గొణిగి, ఒక చేత్తో పార, ఒక చేత్తో సంతకం కావలసిన కాగితం పట్టుకుని బయల్దేరాడు.

ఆల్డర్ వీధిలో మేడమ్ ఇంటి ముందు గట్టు అతని ఛాతీ దాకా ఉంది. లారీ తొక్కిన మంచు, బండలా బిగిసింది. చెమటలు కక్కుతూ తవ్వుతుంటే గట్టు అవతల టోపీ, దాని కింద రెండు కళ్ళు తేలాయి.

"రస్సెల్! ఈ గట్టు తీసే లారీ ఏదీ?"

"రాదు మేడమ్. సరైన లెక్కలో మీ వీధి ఆఖర్న ఉంది."

"మరి పొద్దున్నించీ వచ్చినవి?"

"అది నా తప్పు లెక్క" అని, మింగుడుపడని మందు మింగినట్టు ఉన్నదంతా చెప్పేశాడు. "ఏడు ఫోన్లు నూట నలభై అయ్యాయి మేడమ్."

"ఆ ఏడూ నేనే చేశాను! లారీలు పంపకండి మహాప్రభో అని మొత్తుకుంటూ!"

"యంత్రం వీధి పేరొక్కటే వింటుందండీ."

రస్సెల్ ఇంటికెళ్ళి బెత్‌కి ఏం చెప్పాలో మాటలు కూడబలుక్కుంటున్నాడు. ఇంతలో ఆవిడ గట్టు మీదుగా ఒక చెయ్యి ఇటు చాచింది. "ఆ కాగితం ఇలా ఇవ్వు. నన్ను పాతిపెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. పార పట్టుకుని వచ్చినవాడివి నువ్వే."

మంచు గట్టు మీదే కాగితం పరిచి సంతకం పెట్టేసింది. రస్సెల్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి, చలికి వెంటనే మండాయి.

"ఆ తప్పు క్వెరీ పారేశావా?" అంది.

"వెళ్ళగానే పారేస్తాను మేడమ్!"

"తొందరేం లేదులే. కిందటేడు మనకి రెండు లారీలు కోసేసిన బడ్జెట్ కమిటీ ఛైర్మన్ ఇల్లు ఏ వీధిలో ఉందో నీకు తెలుసా?"

రస్సెల్ ఆ క్వెరీని ఆ సాయంత్రమే చెరిపేశానని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. మళ్ళీ మంచు కురిసిన రోజు మాత్రం ఛైర్మన్ గారు సమావేశానికి నడిచి వచ్చారు.