పెద్దిరాజు భోజనం

"గోదావరి కథల అరుగు సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, ఈ నెలాఖరుకు మన వెబ్‌సైటు మూతపడుచున్నది. ఇటువంటి పాతకాలపు చర్చావేదికలను ఇక నడపలేమని సర్వరు వారు చెప్పివేసినారు. కావున పదిహేడేళ్ళుగా భోజనం చేయుచున్న పెద్దిరాజుగారిని ఈలోగా ఆకు ముందు నుంచి లేపుట మనందరి కర్తవ్యం. ఇట్లు, సత్యప్రసాద్, వ్యవస్థాపకులు మరియు మోడరేటరు."

కోరుకొండలో ట్రాక్టర్లు బాగుచేసే గంగరాజు ఈ ప్రకటన ఫోనులో చదివి, వేలికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. పెద్దిరాజును కథలోకి పంపింది ఆయనే. భోజనానికి పంపలేదు. చేను అడగడానికి పంపాడు.

ఆ చేను సంగతి గంగరాజుకు తప్ప సభ్యుల్లో ఎవరికీ తెలియదు.

గంగరాజు తండ్రి నూకరాజుకు కోరుకొండ రోడ్డు పక్కన ఒక చెక్క మాగాణి ఉండేది. పక్క చేను మునసబుగారిది. మునసబుగారి గట్టుకు నడక వచ్చు. ఏటా దుక్కుల వేళ కాస్త ఇటు జరిగేది. జరిగి జరిగి ఒక ఏడాది చూసేసరికి నూకరాజు చేను మొత్తం గట్టుకు అవతల ఉంది. నూకరాజు కొబ్బరి కత్తి పట్టుకుని, ఇవాళ తేల్చుకుంటానని మునసబుగారి ఇంటికి వెళ్ళాడు. సరిగ్గా అన్నాల వేళ. "వేళకొచ్చావురా నూకరాజూ, కూర్చో" అన్నారు. కూర్చున్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక భార్య గుమ్మంలోనే అడిగింది.

"అడిగారా?"

"ఎలా అడుగుతానే, ఆళ్ళ ఉప్పు తిని? పులుసు మాత్రం అదిరిపోయింది."

అంత ఖరీదైన పులుసు ఆ రోజుల్లో జిల్లా కలెక్టరు కూడా తిని ఉండడు.

తరవాత మునసబుగారు పోయారు. నూకరాజూ పోయాడు. మునసబుగారి మనవడు సత్యప్రసాద్ సాహిత్యాభిమాని అయ్యాడు. అందరూ కలిసి ఒకే కథ రాసే వెబ్‌సైటు పెట్టాడు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టివేయరాదు. ముందు రాసినవారి మనసు నొప్పించరాదు. ఎవరైనా రాయవచ్చు. ఈ ఆఖరి ముక్క గంగరాజుకు నచ్చింది. మనవడి గుమ్మం ఎక్కి అడగాలంటే నోరు రాదు. రాతలో అయితే మధ్యలో అన్నం పెట్టేవాడు ఉండడు గదా అనుకున్నాడు. గోదావరి జిల్లాలో పుట్టి కూడా అలా అనుకున్నాడు.

రాజమండ్రిలో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, ఒంటి వేలితో గంటసేపు కొట్టి కథ మొదలుపెట్టాడు. "మిట్ట మధ్యాహ్నం పెద్దిరాజు కత్తి పట్టుకుని మునసబుగారి గుమ్మం ఎక్కాడు. అడగవలసింది అడగడానికి నోరు తెరిచాడు." అక్కడికి సెంటరులో గంట అయిపోయింది. మిగతాది రేపు రాద్దామని లేచి వచ్చేశాడు.

ఆ రేపటికి సామర్లకోట నుంచి వీరవేణిగారు కథ అందుకున్నారు. మునసబుగారి భార్య ఎదురొచ్చి, "ఎండనపడి వచ్చావు నాయనా, ముందు కాళ్ళు కడుక్కో" అని చెంబు అందించింది. చెంబు అందుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి. పెద్దిరాజు కత్తి పక్కన పెట్టాడు. ఆ తరవాత రాసినాయన ఆ కత్తి తీసుకెళ్ళి వంటింట్లో పనసకాయ కొట్టించాడు. ఆయుధం ఆ పొట్టుకూరతో సరి. మళ్ళీ కథలో కనబడలేదు.

గంగరాజు వెనక్కి తగ్గలేదు. "పెద్దిరాజు కూర్చోలేదు" అని రాశాడు. "నిలబడి తింటే అరగదని పీట వేశారు" అని జవాబు వచ్చింది. "పెద్దిరాజు నోరు తెరిచాడు" అని రాశాడు. "తెరిచిన నోట్లో పెద్దమ్మగారు సున్నుండ పెట్టారు" అని వచ్చింది. "పెద్దిరాజు లేచాడు" అని రాస్తే, మారు వడ్డన కాకుండా లేపుతారా, ఇదేం పద్ధతండీ అని ఊళ్ళ పేర్లతో సహా పధ్నాలుగు మంది ఖండించారు. అతిథి మర్యాదకు భంగం కలిగించినందుకు మోడరేటరుగారు గంగరాజుకు ఎర్ర అక్షరాలతో హెచ్చరిక జారీ చేశారు. ఇంకో రెండు అయితే సభ్యత్వం రద్దు.

ఈలోగా పప్పులో మామిడికాయా, గోంగూరా అన్న సమస్య వచ్చింది. దానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండూ వడ్డించమంది. పులస పులుసు లేకుండా భోజనమేంటండి అని భీమవరం సభ్యుడొకాయన అలిగాడు. కథ జరుగుతున్నది వేసవిలో. పులస రావాలంటే ఏటికి ఎర్రనీరు రావాలి. అందుకని నలుగురు కలిసి కథలో గోదావరికి వరద తెప్పించారు. లంకల్లో ఊళ్ళు మునిగాయి. చేప వచ్చింది. మునిగినవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు, ఎందుకంటే అప్పటికే అందరూ పులుసులో బెండకాయ వెయ్యాలా వద్దా అన్న చర్చలో ఉన్నారు. ఆ చర్చలో తూర్పు వారూ పశ్చిమ వారూ విడిపోయి, కథను రెండు పాయలు చేసి చెరో థ్రెడ్డు పెట్టుకున్నారు. రెండేళ్ళపాటు పెద్దిరాజు ఏటికి రెండువైపులా ఏకకాలంలో భోంచేశాడు. పులస పులుసు మర్నాటికి గాని రుచి తేలదు గనక, ఆ రాత్రి ఆయన పడుకోవడానికి పట్టెమంచమూ దోమతెరా ఏర్పాటు చేయడానికి ఇంకో వర్షాకాలం పట్టింది.

ఇదంతా ఊరికే పోలేదు. రాసినకొద్దీ బిరుదులు వచ్చే ఏర్పాటు ఉంది. వంద పోస్టులకు "కథారత్న", వెయ్యికి "కథాసార్వభౌమ". రాజమండ్రిలో బట్టల కొట్టున్న వెంకటరత్నంగారు వెయ్యి దాటేశారు. ఆయన రాసిందల్లా ఒకే మాట, "బాగుందండి". ప్రతి పోస్టు కిందా రాసేవారు. వరదకు కూడా రాశారు. మొత్తం కథలో అర్థం కాని వాక్యం ఒక్కటీ రాయని రచయిత ఆయనొక్కరే.

గంగరాజు మాత్రం ఇప్పటికీ "కొత్త సభ్యుడు". ఏడాదికోసారి "పెద్దిరాజు నోరు తెరిచాడు" అని రాసేవాడు. ఏడాదికోసారి ఏదో ఒకటి పెట్టేవారు.

ముగింపు సభ కోరుకొండ రోడ్డులో సత్యప్రసాద్‌గారి ఫంక్షన్ హాల్లో పెట్టారు. గంగరాజు ఆ రోడ్డున రోజూ వెళ్ళేవాడే గాని, ఆ గేటు ఎప్పుడూ దాటలేదు. ఆ ఆదివారం దాటాడు. కథ మొదలుపెట్టినవారి చేతనే ఆఖరి వాక్యం రాయించాలని తీర్మానం అయింది. వేదిక మీద లాప్‌టాప్ పెట్టి, గోడ నిండా తెర కట్టారు. పొద్దున గంగరాజు భార్య లోవమ్మ ఉతికిన చొక్కా ఇచ్చి పంపుతూ ఒకటే చెప్పింది. "తినొద్దండి. అడిగాకే తినండి."

సత్యప్రసాద్‌గారు మైకు తీసుకున్నారు.

"సోదర సోదరీమణులారా! పాశ్చాత్యుల కథల్లో మనిషి గుమ్మంలోకి రాగానే తుపాకీ పేలుస్తారు. అది ఆకలి తీరని నాగరికత! మన కథలో మనిషి కత్తితో వచ్చాడు. పదిహేడేళ్ళయింది, ఒక్క నెత్తుటి బొట్టు లేదు. కారితే నెయ్యి కారింది! ఇది మా ఇంటి సంప్రదాయమండి. మా తాతగారి దగ్గరికి అడగడానికి వచ్చినవాడెవడూ అడిగి వెళ్ళలేదు. తిని వెళ్ళాడు!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. గంగరాజు లేచాడు. అప్పుడే వంటవాళ్ళు అన్నాలకు వేళయిందని కబురు పంపారు.

"రండి గంగరాజుగారూ, ముందు భోంచేసేద్దాం. వాక్యం ఎక్కడికి పోతుంది?" అన్నారు సత్యప్రసాద్‌గారు.

"నాకొద్దండి."

వడ్డించేవాడి గరిటె గాల్లో ఆగింది. ఆ జిల్లాలో ఆ మాట ఎవరూ విని ఉండరు.

"షుగరాండి?" అన్నాడొకాయన మెల్లగా.

"కాదండి."

"ఉపవాసమా?"

"కాదండి."

"పోనీ ఎవరైనా ఏమైనా అన్నారాండి? చెప్పండి, ఇప్పుడే క్షమాపణ చెప్పిస్తాను."

"ఎవరూ ఏమీ అన్లేదండి."

"ఆకలిగా లేదా?"

"ఉందండి."

దీంతో మరీ కంగారుపడ్డారు. ఆకలుండి తిననివాడు ఎంతకైనా తెగిస్తాడని వెనక వరసలో ఎవరో అన్నారు. వంటమేస్త్రీ వచ్చి, పులిహోరలో ఉప్పు ఎక్కువైందేమోనని చేతులు నలుపుకున్నాడు. గంగరాజు అందరినీ ఒకసారి చూశాడు.

"నేనొకటి అడగాలండి" అని నోరు తెరిచాడు.

వీరవేణిగారు ఎప్పుడు లేచారో, ఎటునుంచి వచ్చారో ఎవరూ చూడలేదు. "మా తమ్ముడు కాదూ, నా మాట కాదనకు బాబూ" అంటూ ఆ తెరిచిన నోట్లో మడతకాజా ఒకటి నిండుగా పెట్టేశారు. అంత కాజా నోట్లో ఉండగా చేను కాదు గదా, మంచినీళ్ళు కూడా అడగలేరు. ఉమ్మేయడానికి మర్యాద అడ్డొచ్చింది. హాలంతా హమ్మయ్య అనుకుంది.

కాని నోటి సంగతి చూసుకున్నవాళ్ళు వేలి సంగతి మరిచిపోయారు. గంగరాజు కాజా నములుతూనే వేదిక ఎక్కి, ఒంటి వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరమే గోడ మీద పెద్దదిగా పడింది.

"మీ హాలున్నది మా నాన్న చేలో. మా చేను మాకిస్తారా, ఇవ్వరా?"

సత్యప్రసాద్‌గారు చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారండీ! కథకీ నిజానికీ మధ్య గోడ పగలగొట్టేశారు! మనం కూర్చున్న హాలునే కథలోకి లాగేశారు! ఎంత సహజంగా ఉందంటే, ఒక్క క్షణం నిజమేనేమో అని నాకే భయం వేసింది. ఇన్నాళ్ళూ ఈ కళ ఎక్కడ దాచుకున్నారండి గంగరాజుగారూ? దీనికి జవాబు రాస్తే కథ పాడైపోతుంది. ఇక్కడ ఆగడమే గొప్ప!"

అని, ఆయన స్వహస్తాలతో థ్రెడ్డుకు తాళం వేశారు. తాళం పడితే ఇక ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేదు. పడేలోపల వెంకటరత్నంగారు ఫోనులోంచే "బాగుందండి" అని పంపేశారు. పదిహేడేళ్ళ కథకు అదే ఆఖరి పోస్టు. గంగరాజుకు శాలువా కప్పారు. భోంచెయ్యలేదు గనక, ఇంటికని రెండు క్యారియర్లు సర్ది ఆటో ఎక్కించారు. నెలాఖరుకు వెబ్‌సైటు మూతపడింది.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి లోవమ్మ గుమ్మంలోనే ఉంది.

"అడిగారా?"

"అడిగాను."

"ఏమన్నారు?"

"బాగుందన్నారు."

లోవమ్మ ఆయన చేతిలోవి అందుకుంది. క్యారియరు మూత తీసింది. పులుసు వాసన ఇల్లంతా కమ్ముకుంది.

ఇది చదివి బాగుందండి అనబోయే పాఠకులకు ఒక మనవి. మీరు కూర్చున్న చోటు ఎవరి చేనో ఒకసారి కనుక్కోండి. తొందరేం లేదు. భోంచేశాకే కనుక్కోండి.