తాపీమేస్త్రి మఫిన్ల దండయాత్ర

మధ్యాహ్నభానుడు వంటింటి కిటికీ ఊచల నడుమ దూరి గిన్నెలమీద తన ప్రతాపము చూపుచుండ, గోడగడియారము రెండు కొట్టిన ఆ మహాముహూర్తమున, వినుడు శ్రోతలారా, ఏ వీరుడు నలుబదియేండ్లు ఇటుకమీద ఇటుక పేర్చి ఊరిలోని సగము గోడలను నిలిపెనో, ఏ ధీరుని చేత ఇదివరకు ఒక్క కోడిగుడ్డయినను పగులగొట్టబడలేదో, ఏ మహానుభావుడు ఉప్పుడబ్బా ఎచ్చట నుండునో ఎరుగకయే ముప్పదిరెండేండ్ల సంసారమును నిరాటంకముగ నడిపెనో, అట్టి తాపీమేస్త్రి, నడుమునకు భార్య పువ్వుల ఏప్రను బిగించి, అరటిపండు మఫిన్లపై దండెత్తెను.

కారణము లేక వీరులు కదలరు. పదిదినముల క్రిందట అతని అర్ధాంగి వంటింట కాలుజారి పడి కుడి మణికట్టు విరుగగొట్టుకొనెను. జారిన గచ్చు మరెవ్వరిదో కాదు. అద్దమువలె మెరయవలెనని మేస్త్రి స్వయముగ మూడుదినములు రుద్ది నునుపుచేసిన గచ్చు. గరుకన్నది అతని కంట పడరాదు. ఆసుపత్రివారు ఆమె చేతికి వేసిన కట్టును చూచి సైతము, "అంచులు సరిగ్గా తీయలేదు" అని పెదవి విరిచి చీవాట్లు తినెను. నాటినుండి ఆ ఇంట పొయ్యి వెలుగలేదు, హోటలు పొట్లాలే గతియయ్యెను.

ఈ వార్త ఆమె అక్కగారి చెవినిబడెను.

"నాలుగింటికి వస్తున్నా. బట్టలు సర్దుకో. నెలన్నర నా దగ్గరుందువుగాని. ఆ మనిషి నీకేం పెడతాడు, సున్నమా?" అని ఆ ప్రచండభాషిణి ఫోనున గర్జించెను.

అర్ధాంగి ఫోను పెట్టి, భర్తను ఎగాదిగా చూచెను. "ఏవండీ, అక్క టీతో తినడానికి మీ చేత్తో తినదగ్గది ఒక్కటి చేసి పెట్టండి, నేనెక్కడికీ వెళ్లను. చేతకాలేదా, అక్కతో వెళ్లిపోతా."

ముప్పదిరెండేండ్లలో ఆమె లేని పూట ఆ ఇంట ఒక్కటియు గడువలేదు. మేస్త్రికి భయము వేసెను. దాచుట ఎందుకు, చాల భయము వేసెను.

బుట్టలో ఎవ్వరును ముట్టని అరటిపండ్లు ఆరు, తొక్కలు నల్లబడి, మెత్తబడి, మరణశయ్యపై నుండెను. వానిని చూచి మేస్త్రి హృదయము, "ఓ శ్యామలచర్మధారులారా! పరిపక్వతాభారనమ్రులారా! వ్యర్థమరణము వీరులకు తగదు! రండు, నా కులిశకఠోరకరములలో నలిగి మధురకీర్తికాయులు కండు!" అని ఘోషించెను. నోట మాత్రము, "ఏమోయ్, వీటిని కొయ్యాలా, పిసకాలా?" అని వచ్చెను.

"ఫోర్కుతో మెదపండి. మూడు చాలు, ఆరు మఫిన్లొస్తాయి," అని ఆమె కుర్చీలో కూర్చుండి యుద్ధతంత్రము నుపదేశించెను.

అంతట మేస్త్రి తనకు తెలిసిన ఏకైక విద్యను ప్రయోగించెను. ఇసుకను సిమెంటును కలుపు రీతిని, సోడా కలిపిన మైదాను బేసినులో రాశిపోసి, నడుమ గుంటచేసి, ఆ గుంటలో మెదిపిన పండును, గుడ్డును, నూనెను, చక్కెరను నింపి, అంచులు కూల్చుచు, చెక్కగరిటె ఝళిపించి, దక్షిణమునుండి ఉత్తరమునకు, ఉత్తరమునుండి దక్షిణమునకు, చెమట ధారలు గట్ట, పిండియుండలను వెదకి వెదకి, వెన్నాడి వెన్నాడి, ఒక్కటియు మిగులకుండ సంహరించెను.

"చాలండీ! అది సిమెంటు కాదు! ఇక ఆపండి, మరీ కలిపితే పొంగవు!"

"ఉండలున్నాయే! ఉండలతో వదిలేస్తే నలుగురూ నన్నేమనుకుంటారు?"

"లోపలి ఉండల్ని ఎవరు చూస్తారండీ!"

వీరుడు వినలేదు. ఎండుద్రాక్షలను, చెర్రీ ముక్కలను చల్లి, కాగితపు గిన్నెలలో పోసి, చాకు వీపుతో పైభాగములను చదునుచేసి, తుదకు పళ్లెము మీద రసమట్టము పెట్టి చూచెను. బుడగ సరిగా నడుమ నిలిచెను. అతని మొగము వికసించెను.

ఇరువదియైదు నిమిషములకు ఓవెను తలుపు తెరువబడెను. ఆరు మఫిన్లును పోసినవి పోసినట్లే, పొంగక, చదునుగ, నిగనిగలాడుచు కూర్చుండెను. అర్ధాంగి ఒకదానిని ఎడమచేత తీసి బల్లపై కొట్టెను. టక్కుమని మ్రోగెను.

"దాచిపెట్టండి," అనెను. "ప్రహరీకి పనికొస్తాయి."

అప్పుడు సమయము మూడుంబావు. పండ్లు మూడే మిగిలెను. ఆమె నవ్వలేదు, కిటికీవైపు తిరిగి, "పోనీలెండి, అక్కతో వెళ్తాలెండి," అని మెల్లగ అనెను. ఆ మెల్లని మాట మేస్త్రి గుండెను కోసెను. తిట్టియున్నను అంత బాధపడకపోవును.

"ఇంకొక్కసారి. ఈసారి నువ్వు చెప్పినట్టే," అనెను.

"పన్నెండు తిప్పులు. అంతే."

ద్వితీయసంగ్రామము దారుణతరము. ఏలయన, ఇందు శత్రువు పిండి కాదు, మేస్త్రి కుడిచెయ్యి. ఆమె లెక్కపెట్టుచుండెను. పది, పదునొకండు, పన్నెండు. బేసినులో ఉండలు, సిగ్గులేని ఉండలు, తెల్లగ తలలెత్తి అతనిని వెక్కిరించుచుండెను. నలుబదియేండ్ల పనితనము, "ఓరీ, ఇంకొక్క తిప్పు! ఒక్కటి! ఎవరు చూచిరి?" అని చెవిలో పోరుపెట్టెను. గచ్చుమీద ఆమె పడినప్పటి చప్పుడు అతనికి వినబడెను. గరిటె విడిచి, రెండు చేతులను వెనుకకు కట్టుకొని, గోడవైపు తిరిగి నిలుచుండెను. శ్రోతలారా, ఇంతకన్న పెద్ద పరాక్రమమును నేను చూడలేదు.

చదును చేయలేదు. రసమట్టము తీయలేదు. ఓవెను గాజుతలుపు ముందు గొంతుక్కూర్చుండి, రెప్పవాల్చక కావలికాచెను. పదునైదవ నిమిషమున మఫిన్లు కదలెను, ఉబ్బెను, శిఖరములెత్తెను. అంతలో హఠాత్తుగ పైన బీటలు వారెను.

"అయ్యో! పగుళ్లొచ్చాయే!"

"పగలాలండీ. పగిలితేనే బాగా వచ్చినట్టు."

పగులును మెచ్చుకొను లోకమొకటి కలదని మేస్త్రికి ఆ దినమే తెలిసెను.

నాలుగు గంటలకు వదినగారు విచ్చేసెను. టీకప్పు పక్కనున్న మఫినును అటునిటు త్రిప్పిచూచి, "మరిదీ, ఇదేంటి, పైన పగిలింది?" అని గురిచూచి బాణము విడిచెను.

"పగలాలి వదినా," అని మేస్త్రి రొమ్ము విరిచి పలికెను. నలుబదియేండ్లలో అతని నోట ఆ మాట రాలేదు.

ఆమె కొరికెను. నమిలెను. వెంటనే రెండవదానికి చెయ్యి చాచెను.

అర్ధాంగి ఎడమచేత కాగితము ఒలువలేక అవస్థపడుచుండ, మేస్త్రి తానే ఒలిచి నోటికందించెను.

"ఉండలు తగులుతున్నాయా?" అని చెవిలో అడిగెను.

"లేవండీ. ఎక్కడికి పోయాయో!" అని ఆమె పదిదినముల తరువాత నవ్వెను. పిదప అక్కవైపు తిరిగి, "నువ్వెళ్లక్కా. నేనిక్కడే ఉంటా," అనెను.

"రేపేం పెడతాడో అడుగు ముందు."

"ఏదో ఒకటి పెడతార్లే. నేను చెప్తుంటాగా."

ఇట్లు ఆ తాపీధరవీరుడు, మూడు మగ్గిన అరటిపండ్లతో, పన్నెండు తిప్పులతో, మఫిన్లు ఆరింట ఐదు పొంగించి, తన ఆలిని తన ఇంటనే నిలుపుకొని, దిగంతవిశ్రాంతయశోవిశాలుడై వెలసెను. ఆరవది ఒకప్రక్కకు ఒరిగి కూలెను. దానిని గిన్నెలు కడుగుచు తానే తినెను, అదియు బాగుండెను.