చిట్టెలుకలకు క్షమాభిక్ష

రాష్ట్రంలో ఇకపై ఏ ఆడదీ ఎండోమెట్రియోసిస్ నొప్పితో మెలికలు తిరగబోదని గవర్నర్ స్టబుల్‌ఫీల్డ్ గారు థాంక్స్‌గివింగ్ పండగ ముందు ప్రకటించారు. ఆ సంగతి నొప్పికి ఇంకా తెలిసినట్టు లేదు. యూనివర్సిటీ ల్యాబులో శాస్త్రవేత్త లోర్నా వేడినీళ్ల సంచీ పొత్తికడుపుకు అదుముకుంటూనే ఆ ప్రకటన చూసింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయటెక్కడో పెరిగే ఆ జబ్బు ఆమెకూ ఉంది. రెండు ఆపరేషన్లయ్యాయి. మూడోసారి గర్భసంచే తీసేస్తామన్నారు. పిల్లల కోసం ఆశపడుతున్న లోర్నా ఆ తేదీని వాయిదా వేయిస్తూ వస్తోంది.

ఆమె ఆశంతా ఆ పొరను పెంచే జన్యువు నోరు మూయించే మందు మీదే. ఆ జబ్బు పుట్టించిన పన్నెండు చిట్టెలుకల్లో సగానికి ఆ మందు, పోలిక కోసం సగానికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించింది. వచ్చే వారం కోసి చూస్తే సంగతి తేలిపోతుంది. తేలితే మనుషుల మీద పరీక్షకు అనుమతి అడగొచ్చు.

ఇంతలో గవర్నర్ గారి ప్రెస్ కార్యదర్శి కెండ్రిక్ ఊడిపడ్డాడు.

"ఏటా పండక్కి ఒక టర్కీ కోడిని కోయకుండా క్షమాభిక్ష పెట్టి వదిలేస్తాం కదా మేడం, ఈసారి సారు మీ ఎలుకకు పెడతారు. సైన్సంటే ఆయనకు ప్రాణం!"

"గది దాటిన ఎలుకను మళ్లీ లోపలికి రానివ్వమండీ. బయటి క్రిములు అంటుకుంటాయి. దాన్ని కోసి చూడకపోతే మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఒక్కటే కదా! ముద్దుగా ఉన్నది చూసి ఇవ్వండి."

"అన్నీ ఒకేలా ఉంటాయి."

"అయితే అన్నీ తెచ్చేయండి. సారే ఎంచుకుంటారు."

లోర్నా కుదరదంది. అయిదు నిమిషాల్లో యూనివర్సిటీ ప్రెసిడెంటు ఫోన్ చేసి కుదురుతుందన్నాడు.

అసెంబ్లీ మెట్ల మీద గవర్నర్ గారు ఓ ఎలుకను ఎత్తి కెమెరాల ముందు ముద్దుపెట్టుకున్నారు. జనం ఈలలు వేశారు. ఈల వినబడితే ఆయన దయకు పగ్గాలుండవు.

"ఒక్కదానికేమిటి, అన్నింటికీ క్షమాభిక్ష! ఇక వీటి మీద ఎవరూ కత్తి పెట్టడానికి వీల్లేదు!"

లోర్నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఈ జబ్బుతో ఉన్న ఆడవాళ్ల సంగతేమిటి సార్?" అని అరిచింది.

గవర్నర్ గారు ఎంతో ఆప్యాయంగా ఆమె వైపు తిరిగారు. "వాళ్లేం నేరం చేశారమ్మా, క్షమించడానికి?"

చప్పట్లు మారుమోగాయి.

సాయంత్రానికి ప్రభుత్వ ప్రకటన వచ్చింది. కొత్త చికిత్స నూటికి నూరుపాళ్లు ఫలించిందట. పన్నెండు ఎలుకలూ ప్రాణాలతో ల్యాబు నుంచి బయటపడడమే అందుకు సాక్ష్యమట. ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించినవి కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి.

లోర్నా టీవీ కట్టేసి ఆసుపత్రికి ఫోన్ చేసింది. మూడో ఆపరేషన్‌కు తేదీ ఇవ్వమంది.

"ఇప్పుడు ఆపరేషనెందుకు మేడం?" అంది అవతలి అమ్మాయి సంబరంగా. "టీవీలో చూడలేదా, మందు దొరికిందట!"